పాత రైఫిల్‌కు వెల కట్టవలసింది వయసును బట్టా, బ్యారెల్‌ను బట్టా?

తిరుపతిలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అభ్యాసం చేస్తున్న అల్లుడికి, చిత్తూరులో ఒకాయన తన పదిహేనేళ్ల నాటి జర్మన్ రైఫిల్‌ను కొత్తదాని ధరలో సగానికి ఇస్తానన్నాడు. కొనమని మామ, వద్దని అల్లుడు.

అల్లుడు: మామా, పదిహేనేళ్లలో ఆ బ్యారెల్ గుండా ఎన్ని వేల పెల్లెట్లు పోయాయో అమ్మేవారికే తెలియదు. లోపలి మెలి గాడులు అరిగిపోయిన తుపాకీకి సగం ధర కూడా ఎక్కువే కదా?

మామ: అరుగుదల గురించి నువ్వు విన్నది మందుగుండు తుపాకుల మాట. ఇషాపూర్‌లో తయారయ్యే .315 రైఫిల్‌నే తీసుకో. అందులో మండే మందు వేడి వాయువులు ప్రతి గుండుకూ బ్యారెల్ మొదటి భాగాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి, గట్టి తొడుగున్న గుండు మిగిలిన భాగాన్ని రాస్తూ పోతుంది. పాయింట్ టూ టూ (.22) రైఫిల్‌లో గుండు మెత్తని సీసం కనుక ఆ బాధ చాలా తక్కువ. అయినా దాని ప్రైమర్‌లో, అంటే మందును అంటించే రసాయనంలో, కలిపే గాజుపొడి గుండు కూర్చునే చోటికి ముందున్న అడుగుభాగాన్ని ఏళ్ల తరబడి గీస్తుంది. మన ఎయిర్ రైఫిల్‌లో మందూ లేదు, మంటా లేదు, గాజూ లేదు. అర గ్రాము పైచిలుకు సీసపు పెల్లెట్, సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో, గాలి నెట్టగా ఉక్కులోంచి జారిపోతుంది. ఉక్కును సీసం అరగదీస్తుందా అల్లుడూ? ఈ రకం రైఫిల్‌లో ముందుగా ముసలితనం వచ్చేది రబ్బరు సీళ్లకు, గాలి ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటర్‌కు, బ్యారెల్‌కు కాదు.

అల్లుడు: అంత డబ్బుకు బరువైన పెల్లెట్ వేసే కొత్త 5.5 మిల్లీమీటర్ల బోరు రైఫిల్ వస్తుంది కదా?

మామ: దానితో పది మీటర్ల పోటీలో నిలబడలేవు, అక్కడ 4.5 మిల్లీమీటర్లు తప్ప మరొక బోరుకు చోటు లేదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేనిది కూడా 4.5 బోరుకూ 20 జౌళ్ల శక్తికీ మించని ఎయిర్ రైఫిల్‌కే.

అల్లుడు: సరే, పోటీ లెక్కలోనే మాట్లాడతాను. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినప్పుడు అర్హత పోటీలో పూర్ణాంకాలే లెక్క. ఆయన 600కు 596 సాధించాడు. 2013 నుంచి అక్కడా దశాంశాలే లెక్కిస్తున్నారు. గురి కాగితం మీద వలయానికీ వలయానికీ మధ్య 2.5 మిల్లీమీటర్లే కనుక, పెల్లెట్ పావు మిల్లీమీటరు తొలగితే 0.1 పోతుంది. ఆనాడు కనిపించని బ్యారెల్ లోపం ఈనాడు పట్టికలో కనిపిస్తుంది.

మామ: ఆ మాట నిజం, పతకానికి పోటీపడేవాడికి మరింత నిజం. కానీ నీ చేతి చెదురు, అంటే దెబ్బలు గురి నుంచి అటూ ఇటూ తొలగే దూరం, ఇంకా 5 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. రైఫిల్ చెదురు 1 మిల్లీమీటరు అనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చెదురులు కలిస్తే 6 కాదు, వర్గాల లెక్కన 5.1 మాత్రమే అవుతుంది. ఆ పదో వంతు మిల్లీమీటరు కోసం నాన్న చేత ఇంకో సగం ధర పెట్టించడం నాకు న్యాయంగా తోచదు. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి మంచి పెల్లెట్లు కొనుక్కోవచ్చు.

అల్లుడు: గాలి నింపే సిలిండర్ సంగతి? 200 బార్ల ఒత్తిడి పట్టే దానిపై తయారీదారు గడువు ముద్రిస్తాడు. గడువు దాటితే పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే ఆపేస్తారు. ప్రాణానికీ మంచిది కాదు.

మామ: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కొత్త సిలిండర్ ఖరీదును ఆయన చెప్పిన ధరలోంచి తీసివేయమని అడగాలి.

అల్లుడు: ఆయన మాత్రం రోజూ స్టీలు కడ్డీతో, మూతి వైపు నుంచి, మెరిసేలా తుడిచానని గర్వంగా చెప్పాడు. శుభ్రత ఉన్న మనిషి.

మామ: అయ్యో, అది శుభ్రత కాదు! ఫెల్టు ముక్కను వెనుక నుంచి పంపితే సరిపోతుంది. పెల్లెట్ చివరగా విడిచిపెట్టేది మూతి అంచును. అక్కడ కడ్డీ గీసిన చిన్న గాటు ఉన్నా, వెనుకనుంచి వచ్చే గాలి ఒక పక్క ముందు చీలి పెల్లెట్‌ను నెడుతుంది.

అల్లుడు: మా కోచ్ వారానికొకసారి కడ్డీ వేయమంటారు.

మామ: పూత వేసిన కడ్డీతో, వెనుకనుంచి, కడ్డీ పక్కలకు తగలకుండా గైడు పెట్టి వేస్తే ఆయన చెప్పినదీ తప్పు కాదు. మూతి నుంచి వేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

అల్లుడు: అయితే వయసు వల్ల కాకపోయినా, తుడవడం వల్ల ఆ బ్యారెల్ చెడి ఉండవచ్చని మీరే ఒప్పుకున్నారు.

మామ: ఒప్పుకున్నాను, అందుకే చూడకుండా కొనవద్దు. ఆదివారం చిత్తూరు వెళదాం. బ్యారెల్ మూతిని భూతద్దంతో చూద్దాం. తర్వాత రైఫిల్‌ను కదలకుండా బిగించి, తల వెడల్పు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లున్న పెల్లెట్లతో ఒక్కో రకానికి పదేసి దెబ్బల గ్రూపులు రెండేసి కాల్పిద్దాం. అయిదు దెబ్బలు ఒక్కచోట పడడం అదృష్టం కూడా కావచ్చు. పది పడితే నమ్మవచ్చు. ఏ ఒక్క రకంతోనైనా రెండు గ్రూపులూ 7 మిల్లీమీటర్లకు మించని ఒకే రంధ్రమైతే, సిలిండర్ ఖరీదు తగ్గించి అడుగుదాం.

అల్లుడు: కాకపోతే?

మామ: కాకపోతే కొత్త 4.5 రైఫిలే కొందాం. గురి కాగితాలు మాత్రం నువ్వే పట్టుకుని రా.