పాటకు నిధులు సరే, పద్ధతి ఏది?

నగర ప్రజల కోసం ఉచిత సంగీత సభలు నడిపే బాధ్యతను ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించి, ఖర్చులో పెద్ద వాటాను నగరపాలక సంస్థ ఖజానా నుంచి చెల్లించాలన్న ప్రతిపాదన వరంగల్‌లో ముందుకు వచ్చిన తీరు ఆందోళన కలిగిస్తోంది. భాగస్వామ్యం అన్న మాట వినసొంపుగానే ఉంది. అయితే ఆ భాగస్వామిని ఎవరు ఎంపిక చేశారు, ఏ ప్రకటన ఇచ్చి దరఖాస్తులు పిలిచారు, ఎందరు పోటీకి వస్తే వారిలో ఈ సంస్థే యోగ్యమైనదని తేల్చారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేవారు లేరు. పోటీ పిలవకుండా నేరుగా ఒకరికి అప్పగించే ఈ పద్ధతికి పాలనా వ్యవహారాల్లో ఎప్పటినుంచో ఉన్న పేరు నామినేషన్. కాంట్రాక్టరు ఉండే చోట లాభాపేక్ష లేని సంస్థ ఉన్నంత మాత్రాన ఆ పేరు మారదు.

టికెట్టు కొనలేని కుటుంబాలకూ కచేరీ అందాలనీ, కార్యక్రమాలు నడిపే అనుభవం కార్పొరేషన్ సిబ్బందికి లేదనీ సమర్థకులు అంటున్నారు. రెండూ నిజమే. కానీ ప్రకటన ఇవ్వకుండా ఉండటానికి ఈ రెంటిలో ఏదీ కారణం కాజాలదు.

2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ కాలనీలు నీట మునిగిన నగరం ఇది. ఇక్కడ నాలాలో పూడిక తీయాలంటే అంచనాలు వేయాలి, టెండరు పిలవాలి, చేసిన పనిని కొలిచి బిల్లు రాయాలి. అదే ఖజానా నుంచి పాటకు డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు వ్యవహరిస్తామంటే కుదరదు. ఒకసారి ఈ దారి తెరిస్తే రేపు పరుగు పందేలు నిర్వహించేవారు, ఎల్లుండి ఆహారోత్సవాలు జరిపేవారు, ఆ తర్వాత ఏ నాయకుడి పేరిటో వెలసిన ట్రస్టు వారు ఇదే తీర్మానాన్ని చేతపట్టుకుని వచ్చి, వారికి ఇచ్చినప్పుడు మాకెందుకు ఇవ్వరని నిలదీస్తారు. కాదనడానికి కార్పొరేషన్ దగ్గర ఏ నిబంధనా మిగలదు. మిగిలేది ఎవరు ఎవరికి దగ్గర అన్న లెక్క ఒక్కటే. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మకు దీపాలు, నీళ్లు, శుభ్రత చూడటం వేరు. అక్కడ సేవ నేరుగా జనానికి అందుతుంది. ఇక్కడ చెక్కు ఒక సంస్థ ఖాతాలో పడుతుంది.

ఆ ఖాతాను ఎవరు తనిఖీ చేస్తారన్నది మరింత చిక్కు ప్రశ్న. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) విధులకు సంబంధించిన 1971 చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, ఒక సంస్థకు ప్రభుత్వ సాయం 25 లక్షల రూపాయలకు తగ్గకుండా, దాని మొత్తం వ్యయంలో 75 శాతానికి తగ్గకుండా అందినప్పుడు ఆడిట్ బాధ్యత కాగ్‌పై పడుతుంది. అది ప్రభుత్వాల నుంచి అందే గ్రాంట్ల మాట. నగర ఖజానా సొమ్ము, దానిపై దాతల, ప్రకటనదారుల సొమ్ము కలిసిన చోట ఆ గీటురాయి ఎంత వరకు పనిచేస్తుందో ఎవరైనా ఊహించవచ్చు. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. కానీ ‘గణనీయం’ అంటే ఎంత అన్న వాదన తేలేలోగా ఎన్ని సభలు ముగుస్తాయో, ఎన్ని చెక్కులు చెల్లిపోతాయో! అందుకే లెక్కలు చూపాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి. అది లేని ఒప్పందం మరో సంస్థకు మార్గదర్శి అవుతుంది.

ఇంతకీ ఈ సభలకు వేదిక ఎవరిది? 2014 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో గానీ తలుపులు తెరవలేదు. పదేళ్లు ఎదురుచూసి, ప్రజాధనంతో కట్టుకున్న భవనం అది. ఒగ్గు కథకు చుక్క సత్తయ్యను ఇచ్చింది పక్కనున్న జనగామ ప్రాంతమే. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్యదీ ఆ జిల్లాయే. ఈ కళల వారసులకు సభల్లో చోటెంత, పారితోషికమెంత, అది ఎన్నాళ్లలో చేతికందుతుంది అన్నది ఒప్పందం చెప్పాలి. ప్రకటన ఇచ్చినా, మూడేళ్ల ఆడిట్ నివేదికలు జతచేయాలన్న ఒక్క నిబంధన చాలు, ఒగ్గు బృందాలను, డప్పు బృందాలను గడప బయటే నిలబెట్టడానికి. కాబట్టి వారికి నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు విడిగా కల్పించాలి. తాము కట్టుకున్న మందిరంలో పాడటానికి తమ ఊరి కళాకారులు ఒక ప్రైవేటు సంస్థ కార్యదర్శి చుట్టూ తిరగవలసి రావడం నగరానికి గౌరవం కాదు.

ఒప్పందం ముసాయిదాను బయట పెట్టండి. సంస్థ పేరు, దాని కార్యవర్గ సభ్యుల వివరాలు, నగర ఖజానా వాటా, దాతల జాబితా, వేదికపై ఎవరి ఫ్లెక్సీ కడతారన్నది సైతం ప్రజల ముందుంచండి. అర్హులందరినీ పిలిచి, ఎంపిక కారణాలను రాతపూర్వకంగా వెల్లడించండి. ఇందుకు పట్టేది కొన్ని వారాలు. పన్ను ఒక్క నెల ఆలస్యమైతే నోటీసు పంపే యంత్రాంగానికి, ఆ పన్ను డబ్బు పంచేటప్పుడు ఒక్క ప్రకటన ఇవ్వడానికి తీరిక లేకపోయిందా, ధైర్యం లేకపోయిందా?