సీతంపేటకు పాల డబ్బాలు వద్దు

మొన్న మన సంఘం ఉగాది వేదిక మీద పంచాంగ శ్రవణం కాగానే "సిక్కోలు మన్యం పసిపిల్లలకు పాల డబ్బాలు" అని శ్రీకాకుళం వైపు సీతంపేట కొండల కోసం విరాళాలు అడిగారు. వెనక తెర మీద పాలసీసా నోట్లో పెట్టుకున్న పాప ఫొటో. హాలంతా చప్పట్లు. ఒక్కరూ అడ్డు చెప్పలేదే అన్నదే బాధ.

తల్లిపాలకు బదులు వాడే పొడిని, పాలసీసాలను అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ దానంగా ఇవ్వకూడదని 1992 నుంచీ చట్టం ఉంది. కారణం కొండ ఎక్కితే తెలుస్తుంది. ఊటనీళ్ళు కాచాలంటే కట్టెలు కావాలి, సీసా మరిగించాలంటే మళ్ళీ కట్టెలు. డబ్బా అయిపోతుందన్న భయంతో పొడి తగ్గించి నీళ్ళు పెంచుతారు. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి, ఈలోగా తల్లికి పాలు తగ్గిపోతాయి. డబ్బాలు ఆగాక ఆ పాలు అంత తేలిగ్గా తిరిగి రావు. (అన్నట్టు సీతంపేట 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. మన నోట ఇంకా సిక్కోలే, పోనీయండి.)

మరి తల్లిపాలతో పాటు ఏం పెట్టాలంటారా? చోడి (రాగి) అంబలి మంచి తిండే. కానీ ఎనిమిది నెలల బిడ్డకు నీళ్ళలా పోస్తే చాలదు. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. అందులో నీళ్ళే ఎక్కువైతే కడుపు నిండుతుంది గాని ఒళ్ళు రాదు. జావ చెంచా వంచినా జారకుండా ఉండాలి. బిడ్డ మింగలేకపోతే దానికీ దారి ఉంది. చోళ్ళు రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి, పిండి పట్టించాలి. వేయిస్తే దోరగానే, మాడితే జావను పలచబరిచే మొలక గుణం పోతుంది. కాచిన చిక్కటి జావ కాస్త వేడి తగ్గాక ఆ పిండి చెంచాడు కలిపితే నీళ్ళు పోయకుండానే పలచబడుతుంది. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి దించాలి. చిన్న చెంచాడు నూనె వేస్తే మరో 45 కేలరీలు. పథ్యం పేరు చెప్పి బాలింతకు గుడ్డు, ఆకుకూర మాన్పించే అత్తగార్లను మాత్రం సమర్థించలేను.

బాగా చిక్కిపోయిన బిడ్డ సంగతి వేరు. ఆరు నెలలు దాటి ఐదేళ్ళు నిండని బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినా, రెండు పాదాలూ నొక్కితే గుంట పడేలా వాచినా అది తీవ్ర పోషకాహార లోపమే. వాపు నీటితో తూకం పెరుగుతుంది, చూసినవాళ్ళు "బాగానే ఉన్నాడు" అనేస్తారు. జాలిపడి ఒక్కసారే నిండుగా పెడితే గుండె తట్టుకోలేదు. అందుకే పోషకాహార పునరావాస కేంద్రంలో మొదట 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలుండే పాలు కొద్దికొద్దిగా, రాత్రుళ్ళు కూడా పడతారు. ఆకలి తిరిగొచ్చాకే 100 కేలరీల పాలు.

అక్కడ ఉండలేక తల్లులు మధ్యలోనే వెళ్ళిపోతారు. ఇంటి దగ్గర పెద్దపిల్లలు, పోడు పని, పోయే కూలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లలు 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. డబ్బాలు పంచితే ఆ ఎత్తు రాదు.

పోగైన సొమ్మును ఆ తల్లి పోగొట్టుకునే కూలికి, ఇంట్లో పిల్లల్ని చూసే మనిషికి, కొండ దిగే ఆటోకి, తర్వాత బిడ్డను చూపించడానికి వచ్చే చార్జీలకు మళ్ళించండి. ముందు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్ళతో మాట్లాడండి. డబ్బాలకు ఇంకా ఆర్డరు పెట్టలేదని విన్నాను, వచ్చే కార్యవర్గ సమావేశంలోనే తీర్మానం మార్చండి.