మందు సీసానా, జీరో మిషనా?

చెన్నైలో పండగపూట టీవీ పెడితే పట్టిమండ్రం వస్తుంది. రెండు పక్షాలు లేచి వాదిస్తాయి, నడువర్ తీర్పు చెబుతాడు. ట్రిప్లికేన్‌లో తెలుగు కుర్రాళ్ళు ఉండే ఒక మేన్షన్ (బ్యాచిలర్ల లాడ్జి) మేడ మీద అదే పద్ధతిలో పెట్టిన వాదం ఇది. నడువర్ మాత్రం లేడు. అంశం: 22 ఏళ్ళకే నుదురు వెనక్కి జరుగుతున్నవాడు జుట్టు నిలిపే మందు మొదలుపెట్టాలా, జుట్టు తీయించేసి హాయిగా ఉండాలా? ఒక పక్షాన మెడికల్ షాపు నడిపే ఫార్మసిస్టు, రెండో పక్షాన సెలూన్ నడిపే నెల్లూరు పెద్దాయన.

సెలూనాయన: ముందు ఒకటి ఒప్పుకో తమ్ముడూ. మీ మందులు చేసేది చాలావరకు కాపలా. అదీ బతికినన్నాళ్ళూ. ఇంకా ఉద్యోగంలో కుదురుకోని పిల్లోడికి యాభై ఏళ్ళ దాకా సీసా అంటగట్టడం ఏం న్యాయం?

మందులాయన: కాపలా అన్న మాట నిజమే అన్నా, అందుకే తొందరగా పెట్టమంటున్నా. వంశపారంపర్య బట్టతలలో జుట్టు ఒక్కసారిగా పోదు. టెస్టోస్టిరాన్‌ అనే మగ హార్మోనును ఒక ఎంజైము డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోనుగా మారుస్తుంది. నుదుటి మూలల్లో, నడినెత్తిన ఉండే కుదుళ్ళు దానికి లొంగే రకం. మామూలు వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరిగి, మూడు నెలలు ఊరికే ఉండి, రాలిపోతుంది. ఈ కుదుళ్ళలో పెరిగే కాలం విడత విడతకీ తగ్గిపోతుంది. లావు వెంట్రుక సన్నబడుతుంది, సన్నది నూగవుతుంది. ఇంకా సన్నబడుతున్న దశలో ఉంటే మందు పట్టి నిలుపుతుంది, కొంత వెనక్కీ లాగుతుంది. నున్నగా మెరిసే చోట ఏం పోసినా రాదు.

సెలూనాయన: ఊడేదంతా అదేనా మరి? సంక్రాంతి దాటితే చాలు, కుర్చీలో కూర్చున్నోళ్ళు "అన్నా, దోసిళ్ళకొద్దీ ఊడతా ఉంది" అంటారు.

మందులాయన: వాళ్ళలో చాలామందిది జ్వరం లెక్క. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, దోమలు, డెంగీ. జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి తలంతా సమానంగా రాలుతుంది. టైఫాయిడ్ తర్వాతా అంతే, అన్నం మానేసి పది కిలోలు తగ్గినవాడికీ అంతే. ఆర్నెల్లలో అదే సర్దుకుంటుంది. తేడా తెలియాలంటే దిండు మీద, స్నానాల గదిలో పడ్డవాటిని తెల్ల కాగితం మీద పరిచి చూడాలి. అన్నీ పొడుగ్గా, లావుగా, ఒక చివర చిన్న తెల్ల బుడిపెతో ఉంటే జ్వరపు రాలుడు. వాటి మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సన్న పోగులు, కత్తెర తగలని కొసతో ఎక్కువగా కనిపిస్తే కుదురు కుంచించుకుపోతోందని అర్థం. రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఊడితే అది పేనుకొరుకుడు, దానికి చర్మ డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. పొట్టు రాలుతూ వెంట్రుకలు మధ్యలో విరిగితే తామర అయ్యుండొచ్చు, దానికి నోటి మాత్రలు కావాలి. ఈ మూడూ తేల్చుకోకుండా సీసా కొన్నవాడి డబ్బు దండగ.

సెలూనాయన: ఆ బయోటిన్ డబ్బాలు అద్దాల బీరువాలో పేర్చింది ఎవరంట?

మందులాయన: మేమే. లోపం లేనివాడికి దానితో ఒరిగేదేమీ లేదు. పైగా అది మింగుతూ థైరాయిడ్ పరీక్షకి వెళితే లెక్క తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చే రెండు మూడు రోజుల ముందే ఆపి, ల్యాబులో ఆ సంగతి చెప్పాలి. చూడదగ్గవి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ లెక్క, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్. శాకాహారులైతే బీ12 కూడా.

సెలూనాయన: ఇక్కడి బోరు నీళ్ళ సంగతో? ఊరి నుంచి దిగిన ప్రతివాడూ మద్రాసు నీళ్ళని తిట్టేవాడే.

మందులాయన: ఉప్పు నీళ్ళకి వెంట్రుక గరుకెక్కుతుంది, చిక్కుపడి తెగుతుంది. కుదురు జోలికి పోదు. నీళ్ళదే తప్పయితే చెవుల పైనా, వెనకా కూడా ఊడాలి కదా! హెల్మెట్‌ వల్ల ఊడుతుందనేవాళ్ళకీ ఇదే జవాబు.

సెలూనాయన: సరే, పిల్లోడిది వంశపారంపర్యమే అనుకుందాం. మినాక్సిడిల్ రాయమంటావు. రెండో నెల రాగానే ఉన్నది కూడా రాలి, భయపడి మానేస్తారు. ఇది నేను చెప్పే మాట కాదు, వాడినోళ్ళందరూ చెప్పేదే.

మందులాయన: రాలడం అబద్ధం కాదు. ఊరికే కూర్చున్న పాత వెంట్రుకలను మందు తోసేస్తుంది, కొత్తవి మొదలవ్వాలి కాబట్టి. రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య అది జరుగుతుంది. అక్కడ ఆపినవాడికి నష్టమే మిగులుతుంది. నాలుగు నుంచి ఆరు నెలలు వాడకుండా తీర్పు చెప్పకూడదు. అసలు చాలామంది వాడే తీరే తప్పు. 5 శాతం ద్రావణం పూటకి 1 మి.లీ., రోజుకి రెండు పూటలు. 60 మి.లీ. సీసా సరిగ్గా 30 రోజులు రావాలి. రెండు నెలలు వచ్చిందంటే సగమే రాస్తున్నాడు. తల పూర్తిగా ఆరాక, పాపిడి తీసి తీసి డ్రాపర్‌తో చర్మం మీద వేయాలి. జుట్టు మీద స్ప్రే కొడితే జుట్టే తాగుతుంది. నాలుగు గంటలు తల తడపకూడదు. రాత్రి పూటది పడుకోవడానికి రెండు గంటల ముందే అయిపోవాలి, లేకపోతే దిండుకి అంటి ముఖానికి చేరుతుంది, బుగ్గల మీద నూగు మొలుస్తుంది. చేతులు కడుక్కోవాలి. గదిలో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, ఈ మందు పిల్లులకి విషం.

సెలూనాయన: దురద?

మందులాయన: ఎక్కువసార్లు అది మందుది కాదు, అందులో కలిపే ప్రొపైలీన్ గ్లైకాల్‌ది. అది లేని ఫోమ్‌కి మారితే సరిపోతుంది. చుండ్రు ఉంటే కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. గుండె దడ, తల తిరగడం, కాళ్ళ వాపు వస్తే మాత్రం ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇది మొదట్లో బీపీ మాత్రగా వచ్చిన మందే.

సెలూనాయన: ఇంత చెప్పావు, అసలు మాత్ర సంగతి దాటేశావు. ఫినాస్టెరైడ్. మగతనానికి దెబ్బని నెట్‌లో చదివి పిల్లలు వణికిపోతా ఉంటే!

మందులాయన: దాటేయను. ఎంజైమును నేరుగా అడ్డుకునేది అదే. రోజుకి 1 మి.గ్రా., జుట్టుకి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. ఐదేళ్ళు నడిచిన పరీక్షలో ఈ మాత్ర వాడినవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమందికి నడినెత్తి ఇంకా పలచబడలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళు నలుగురిలో ముగ్గురికి పలచబడింది. ఇక మీరన్న భయం. మొదటి ఏడాది పరీక్షల్లో లైంగిక ఇబ్బందులు చెప్పినవాళ్ళు మందువైపు 3.8 శాతం, ఉత్తుత్తి మాత్రవైపు 2.1 శాతం. ఆపితే ఎక్కువమందికి పోతాయి. ఆపాక కూడా మిగిలాయన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని కొట్టిపారేయను. 2025లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్ర దుష్ప్రభావంగా నిర్ధారించింది. కాబట్టి ఇప్పటికే డిప్రెషన్ ఉన్నవాడు డాక్టరుకి చెప్పకుండా ముట్టకూడదు. వాడుతున్నప్పుడు మనసు కుంగితే ఆ రోజే ఆపి డాక్టరుని కలవాలి. చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. రక్తదానం చేయాలంటే ఆపి కనీసం నెల గడవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన బిళ్ళని ఆమె తాకకూడదు. డబ్బు మిగులుతుందని 5 మి.గ్రా. బిళ్ళ తెచ్చి బ్లేడుతో నాలుగు ముక్కలు చేసేవాళ్ళకి ఇది ముఖ్యం, ఆ పొడి బల్లంతా పడుతుంది.

సెలూనాయన: చూశావా? పిల్లి, గర్భిణి, రక్తదానం, డిప్రెషన్! నా వైపు విను. నడినెత్తికి మిషన్ రెండో నంబరు గార్డు, అంటే 6 మి.మీ., పక్కలకి ఒకటో నంబరు, అంటే 3 మి.మీ. పలచన ఎందుకు కనబడుతుంది? పక్కల ఒత్తుగా, నల్లగా ఉండి నడినెత్తి తెల్లగా ఉండబట్టి. పక్కలు తగ్గించెయ్, ఆ తేడా చచ్చిపోతుంది. పిల్లలు చేసేది తలకిందులు. ముందు పోతోందని పైన పొడుగు పెంచి ముందుకి దువ్వుతారు. పొడుగు జుట్టు బరువుకి విడిపోయి మధ్యలో చర్మం ఇంకా బయటపడుతుంది. జెల్ రాస్తే మరీ దరిద్రం, పోగులు అంటుకుని సందులు తెరుచుకుంటాయి. పూయాలనుకుంటే మెరుపు లేని క్లే, గోరంత.

మందులాయన: హెయిర్ ఫైబర్ పొడి చల్లుకునేవాళ్ళు?

సెలూనాయన: ఊటీలో అయితే చల్లుకోమను. ఇక్కడ మే నెలలో మౌంట్ రోడ్డు సిగ్నల్ దగ్గర చెమట పట్టిందంటే ముద్దలు కట్టి కాలరు మీద నల్లగా కారుతుంది. నెత్తికి అంటించుకునే విగ్గు ప్యాచ్ కూడా అంతే. టేపు చెమటకి ఊడతా ఉంటుంది, నెలకోసారి తీసి కడిగి మళ్ళీ అంటించాలి, దానికింద ఉన్న మంచి జుట్టుని గొరిగించాలి. అంత తంటా దేనికి? మనకో సౌకర్యం ఉంది తమ్ముడూ, తమిళోళ్ళకీ ఉందనుకో. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి తిరుపతి. గుండుతో సోమవారం ఆఫీసుకి పోతే "లడ్డూ ఏదీ?" అంటారు గానీ ఏమైందని ఒక్కడూ అడగడు. గుండు తనకి నప్పుతుందో లేదో తేల్చుకోవడానికి అంతకంటే మర్యాదైన దారి లేదు.

మందులాయన: గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న నమ్మకం మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్ళాలి. మొలిచే వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి గరుకుగా తగులుతుంది, అంతే. ఇంకోటి, మినాక్సిడిల్ వాడేవాడు గుండు తర్వాత కత్తి గాట్లు మానేదాకా ఆపాలి. గాటు పడ్డ చర్మం నుంచి మందు రక్తంలోకి ఎక్కువ పోతుంది.

సెలూనాయన: అది మంచి మాట. ఇంట్లో గొరుక్కునేవాడికీ వర్తిస్తుంది. ముందు మిషన్‌తో పొట్టి చేసి, వేడినీళ్ళ తువ్వాలు రెండు నిమిషాలు వేసి, వెంట్రుక వాలిన వైపుకే బ్లేడు లాగాలి. ఎదురు లాగితే మెడ దగ్గర కురుపులు లేస్తాయి. సెలూన్లో అయితే కొత్త బ్లేడు కళ్ళ ముందే విప్పమని అడగాలి, మొహమాటపడకూడదు. ఆ తర్వాత ఎండ. తిరుమలలో చందనం పూస్తారు చూడు, ఇక్కడ దానికి బదులు సన్‌స్క్రీన్. ఎండ తెలియని చర్మం కదా, ఒక్క మధ్యాహ్నానికే కందిపోతుంది.

మందులాయన: జుట్టు నాటించుకోవడం మాటెత్తలేదు మీరు.

సెలూనాయన: నువ్వే ఎత్తు. అందులో మనిద్దరికీ గొడవ రాదు.

మందులాయన: రాదు. వెనక నుంచి తీసేది ఎంతో అంతే, మళ్ళీ మొలవదు. 22 ఏళ్ళకి నుదుటి గీత కిందికి దించి నాటితే, 30కి దాని వెనక ఉన్న సొంత జుట్టు పోయి, ముందు గీత ఒక్కటే మిగులుతుంది. మందు వాడుతూ కొన్నేళ్ళు ఆగి, ఎక్కడిదాకా పోతుందో తెలిశాక ఆలోచించాలి. 2016లో ఇదే చెన్నైలో నాటించుకున్న వైద్య విద్యార్థి ఒకరు చనిపోయాడు. శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టరే చేయాలని, యూట్యూబ్ చూసి నేర్చింది చాలదని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. మత్తు ఎవరిస్తారు, అత్యవసరమైతే ఏ ఆస్పత్రికి తీసుకెళతారు అని అడిగితే తడబడే చోట అడ్వాన్సు కట్టకూడదు.

సెలూనాయన: ఇక నా ప్రశ్నకి రా. ఏడాది వాడాడు, విసుగొచ్చి మానాడు. అప్పుడు?

మందులాయన: మినాక్సిడిల్‌తో వచ్చింది మూడు నాలుగు నెలల్లో రాలిపోతుంది. మందే వాడకపోతే ఎక్కడుండేవాడో అక్కడికి చేరతాడు, అంతకంటే కిందికి కాదు.

సెలూనాయన: ఏడాది పాటు 24 గంటలూ అద్దంలో నెత్తి చూసుకోవడం కూడా ఖర్చే కదా! అదెవరు లెక్కేస్తారు? పెళ్ళిచూపులకి టోపీ ఫోటో పంపి, తర్వాత మాట పడేవాళ్ళని చూస్తున్నాం. 6 మి.మీ. కటింగు ఫోటో పంపినవాడికి దాచేదే లేదు.

మందులాయన: అద్దం చూడొద్దనే నేనూ అంటా. మూడు నెలలకోసారి ఫోటో చాలు. అదే గది, అదే ట్యూబ్‌లైటు, ఆరిన జుట్టు, నుదురు ఒకటి, నడినెత్తి ఒకటి. తడి తలతో ఒకటి, పొడి తలతో ఒకటి తీసి ఏడ్చేవాళ్ళకి ఏం చెప్పలేం. పొట్టి జుట్టులో మందు చర్మానికి బాగా అందుతుంది, ఆ మేరకు మీ కటింగు నాకు పనికొస్తుంది.

సెలూనాయన: పనికొస్తుందని నీ పక్షాన కలిపేసుకోకు! అయితే ఫోటో తీసే ముందు ప్రతిసారీ అదే రెండో నంబరు గార్డు పెట్టించమను. ఒకసారి 6, ఒకసారి 12 మి.మీ. ఉంటే ఆ ఫోటోలతో నీ మందూ తేలదు, నా మిషనూ తేలదు.