సవరణ: దగ్గితే గుండెపోటు ఆగదు

ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే ఆసుపత్రికి చేరేదాకా నిలబడొచ్చని మొన్న ఆదివారం పోస్టు పెట్టాను. అది తప్పు. మా పటమట అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిందాన్ని సరిచూసుకోకుండా పంచేశాను.

గుంటూరులో గుండె డాక్టరుగా ఉన్న మా అన్నయ్య చదివి ఫోన్ చేశాడు. "ఏరా, రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డ దగ్గుకి కదులుతుందా?" అన్నాడు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఈ దగ్గు పద్ధతి వద్దనే అంటోంది. ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. పాతికేళ్ల కుర్రాడే కదా, గ్యాస్ అయి ఉంటుందిలే అని నిమ్మసోడా తాగించి కూర్చోబెట్టొద్దు. (మా ఇంట్లో మొదట చేసే పని అదే.)

ఇంకొకటి. గ్రౌండులో ఆడుతూ కుప్పకూలే టీనేజ్ పిల్లలకు వచ్చేది గుండెపోటేనని రాశాను. వాళ్లలో చాలాసార్లు కారణం రక్తనాళం పూడుకుపోవడం కాదు. వంశపారంపర్యంగా గుండె కండరం మందంగా ఉండటమో, గుండె లయ తప్పే జబ్బో. గుండె ఒక్కసారిగా ఆగిపోతుంది. దాన్ని కార్డియాక్ అరెస్ట్ అంటారు. స్పృహ, ఊపిరి లేకపోతే 108కి చెప్పి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

పాత పోస్టు తీసేశాను.