పచ్చ తివాచీ మీద మట్టి బండి

మానవజాతి ప్రగతిని లెక్కేసేవాళ్ళు చంద్రుడి మీద కాలు పెట్టడం గురించి చెబుతారు, మశూచిని తరిమేయడం గురించి చెబుతారు. మట్టి బండ్ల పందెంలోంచి మట్టిని తరిమేయడం గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తరు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

రిమోట్‌తో నడిచే బగ్గీ అనే బుల్లి కారు పుట్టిందే దుమ్ములో దొర్లడానికి, గుంటల్లో ఎగరడానికి. అలాంటి బండికి దుమ్ము సోకకుండా చేయడానికి దేశదేశాల మేధావులు నలభై ఏళ్ళు చెమటోడ్చారు. ఫలితంగా ఇవాళ యూరప్‌లో బోలెడు పందేలు కృత్రిమ గడ్డి మీదో, కార్పెట్ మీదో జరుగుతున్నాయి. మా బరంపురం ఏమన్నా తక్కువ తిందా? ఊరి చివర బాక్స్ క్రికెట్ కోసం పరిచిన పచ్చ టర్ఫ్ మీద ఆదివారం పొద్దున్నే ముడతల ప్లాస్టిక్ పైపులు వంకర టింకరగా పేర్చి, ప్లైవుడ్ చెక్కలతో జంపులు కట్టి, మేమూ ప్రపంచ స్థాయికి చేరుకున్నాం. గేటు దగ్గర బోర్డు: ‘చెప్పులు బయట విడవవలెను’. తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి. మట్టి బండ్ల పందేనికి కాళ్ళు కడుక్కుని వెళ్ళే భాగ్యం మా తాతలకి దక్కలేదు.

హైవే దిగిన చోటు నుంచి టర్ఫ్ దాకా అర కిలోమీటరు దారి ఉంది. అక్కడ మట్టి ఉంది, కంకర ఉంది, వానాకాలంలో లోతు తెలియని నీళ్ళున్నాయి. కుర్రాళ్ళు తమ బగ్గీలని స్పాంజి వేసిన పెట్టెల్లో పెట్టి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, స్కూటరు గుంటలో పడ్డప్పుడల్లా పెట్టెని పైకెత్తి పట్టుకుని ఆ దారి దాటిస్తారు. లోపలికెళ్ళి, పచ్చ తివాచీ మీద దింపి, ‘ఆఫ్‌రోడ్ రేసింగ్’ మొదలుపెడతారు.

నాది జపాన్ టామియా కంపెనీ చేసిన హార్నెట్ అనే పాత బగ్గీ. ఓడలో పనిచేసిన మా చిన్నాన్న తెచ్చాడు. ఆ మోడల్ 1984లో వచ్చింది. బగ్గీల లోకంలో అది మంచి ఏడాది. టామియా వాళ్ళదే గ్రాస్‌హాపర్ కూడా అప్పుడే పుట్టింది. అమెరికా కంపెనీ టీమ్ అసోసియేటెడ్ వాళ్ళ ఆర్‌సీ10 బగ్గీ కూడా ఆ ఏడాదిదే. బంగారు రంగు అల్యూమినియం ఛాసిస్‌తో వచ్చి, మరుసటి ఏడాది టూవీల్ డ్రైవ్ ప్రపంచ పోటీ గెలిచి కూర్చుంది. హార్నెట్‌కి అలాంటి ఆశలేమీ లేవు. అది సంసారుల బండి. ఇంట్లో పిల్లలు, పెరట్లో ఇసక, సాయంత్రం అయిదు నిమిషాలు తీరిక ఉన్నవాళ్ళ కోసం చేసింది. ముందు చక్రాల దగ్గర స్ప్రింగులే ఉంటాయి, నూనె పోసిన షాకులు ఉండవు. వెనక మోటారూ గేర్‌బాక్సూ ఇరుసూ అన్నీ కలిపి ఒకటే ముద్ద. ఒక చక్రం ఎగిరితే కుటుంబం మొత్తం ఎగురుతుంది. ఉమ్మడి కుటుంబాలు పోయాయని బాధపడే పెద్దలు ఒకసారి హార్నెట్‌ని తిరగేసి చూడాలి.

ఇక్కడ పాత బండ్ల పెద్దల గురించి ఒక ముక్క. వీళ్ళు బండిని చూడరు, గోత్రం అడుగుతారు. పెట్టె మీద 58045 అని ఉంటే 1984 నాటి అసలు జన్మ. 58336 అని ఉంటే 2004లో కంపెనీ మళ్ళీ విడుదల చేసిన పునర్జన్మ. మొదటిదాన్ని నేల మీద దింపకూడదు, విలువ పోతుంది. రెండోదాన్ని దింపొచ్చు గానీ, దానికి విలువే లేదు. విశాఖ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నా బండిని అటూ ఇటూ తిప్పి, స్టిక్కరు అంచుని గోటితో నిమిరి, ఎండకి పసుపెక్కిన చక్రాలని వాసన చూసి, “ఒరిజినలే” అన్నాడు. నేను సంతోషించే లోపే, “పరిగెత్తించి పాడు చేశారు” అన్నాడు. ఒకాయనకి బండి పరిగెత్తడం ఇష్టం లేదు, కుర్రాళ్ళకి ఈ బండి పరిగెత్తడం ఇష్టం లేదు. మధ్యలో బండి అభిప్రాయం ఎవరూ అడగలేదు.

డ్రైవర్లు నిలబడే అరుగు మీద మాకు ఇంకో సమస్య. కుర్రాళ్ళ చేతుల్లో తుపాకీ ఆకారం రిమోట్లుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్. డజన్ల కొద్దీ మనుషులు ఒకేసారి ఆన్ చేసినా ఒకళ్ళ సిగ్నలు ఒకళ్ళకి తగలదు. నాది 27 మెగాహెర్ట్జ్. లాగితే మీటరు పైగా సాగే స్టీలు యాంటెన్నా. దాని కొసన ఎర్ర రిబ్బను. ఆ రోజుల్లో ఈ బ్యాండులో సిగ్నలు ఏ ఛానల్ మీద పోవాలో తేల్చే ఆరు రంగుల క్రిస్టల్స్ ఉండేవి: గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎవరిది ఏ రంగో అందరికీ కనబడేలా యాంటెన్నాకి ఆ రంగు జెండా కట్టుకోవాలి. ఒకే రంగు ఇద్దరు ఆన్ చేస్తే రెండు బండ్లకీ పిచ్చెక్కుతుంది. అందుకని మీట నొక్కే ముందు గొంతెత్తి, “ఎరుపు ఎవరిదైనా ఆన్‌లో ఉందా?” అని అడగడం మర్యాద. నేను ఇప్పటికీ అడుగుతాను. అరుగు మీద ఉన్న కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. “అంకుల్ ఏ యూనియన్?” అని ఒకబ్బాయి అడిగాడు. ఇంకో అబ్బాయి యాంటెన్నా చెవిలో గుచ్చుకుంటోందని హెల్మెట్ పెట్టుకుని వస్తున్నాడు.

పక్కనే వెల్డింగ్ షాపు. వాళ్ళు రాడ్డు తగిలించినప్పుడల్లా నా బండిలో చక్రాలని తిప్పే చిన్న మోటారు, అదే సర్వో, వణికి, చక్రాలు తమకి తోచిన దిక్కుకి తిరుగుతాయి. దీన్ని లోపం అంటున్నారు. పరిసరాల్లో ఏం జరుగుతోందో పట్టించుకునే బండి ఈ ట్రాక్ మీద ఇదొక్కటే.

ఇక అసలు విషయం, మలుపు. పాత బండి కొత్త ట్రాక్ మీద ఎందుకు ఓడిపోతుందని అడిగితే, పట్టు చాలక జారిపోతుందేమో అనుకుంటారు చాలామంది. కాదు. పట్టు ఎక్కువై ఓడిపోతుంది. మట్టి మీద మలుపు తిప్పితే టైరు కాస్త పక్కకి జారుతుంది, ఆ జారడంలో కొంత దూకుడు ఖర్చయిపోతుంది, బండి సర్దుకుని ముందుకి పోతుంది. టర్ఫ్ మీద సర్దుబాట్లు లేవు. టైరు ఎక్కడ తగిలిందో అక్కడే కరుచుకుంటుంది. బండి పైభాగానికి ఆ సంగతి ఎవరూ చెప్పరు గనక అది తన ప్రయాణం కొనసాగిస్తుంది. పొడుగాటి టైర్లు, ఎత్తుగా కూర్చున్న బాడీ, కాబట్టి మొదటి మలుపులోనే నాలుగు చక్రాలూ ఆకాశం వైపు.

కొత్త బండ్లు ఎందుకు పడవు అంటే, నేల మారాక వాటిని నేలకి తగ్గట్టు మార్చారు. ఒకప్పుడు మట్టి మీద పట్టు చాలదని మోటారుని వెనక ఇరుసుకి అవతల వేలాడదీసేవాళ్ళు, బరువంతా వెనక చక్రాల మీద పడాలని. తివాచీ వచ్చాక పట్టు వద్దంటే పోనంత అయింది. మోటారుని ఇరుసుకి ఇవతలకి లాక్కొచ్చి బండి మధ్యలో పెట్టారు, బ్యాటరీని పొట్టిది చేశారు, బండి అడుగుకీ నేలకీ మధ్య రెండు వేళ్ళ సందు మిగిల్చారు. ముందు నేలని మార్చారు, తర్వాత బండిని మార్చారు, ఆ తర్వాత పాత బండిని పిలిచి, “ఏంటమ్మా, ఇంత వెనకబడ్డావు?” అని పరామర్శిస్తున్నారు.

పర్లాకిమిడి రైలు విషయంలో మనవాళ్ళు ఇంతకన్నా నాగరికంగా ప్రవర్తించారు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల నారోగేజ్ లైను మొదలైంది, తర్వాత గుణుపురం దాకా సాగింది. ఒక శతాబ్దం నడిచాక, 2011 నాటికి అదంతా అయిదున్నర అడుగుల బ్రాడ్‌గేజ్ అయింది. పాత ఇంజన్లలో కొన్నిటికి రంగు వేసి ప్రదర్శనకి నిలబెట్టారు. అంతేగానీ ఏ ఒక్క ఇంజన్నీ తీసుకెళ్ళి బ్రాడ్‌గేజ్ పట్టాల మీద పెట్టి, టైము రాసుకుని, చివరి స్థానం ఇచ్చి పంపలేదు.

అయితే నా బండి ఓడిపోయిందని బాధపడుతున్నవాళ్ళు అది చేస్తున్న సమాజ సేవని గమనించడం లేదు. ట్రాక్ మీద ప్రతి మలుపులో ఒక మార్షల్ నిలబడాలి. పందెం విడతలుగా జరుగుతుంది, ఒక్కో విడతని హీట్ అంటారు. ముందు హీట్‌లో ఆడినవాళ్ళే తర్వాతి హీట్‌కి మార్షళ్ళు. బోల్తా పడ్డ బండిని తిరగేసి పెట్టడం వాళ్ళ పని. కొత్త బండ్లు బోల్తా పడకపోవడంతో ఈ వర్గం పూర్తిగా నిరుద్యోగంలో కూరుకుపోయి ఫోన్లు చూసుకుంటూ కాలం గడుపుతోంది. నేను ట్రాక్ మీదకి దిగిన క్షణం నుంచి అందరికీ పని. ఒక మలుపులో లేపి వదిలిన బండి తర్వాతి మలుపులో ఇంకొకరికి ఉపాధి కల్పిస్తుంది. ఏ మలుపుకీ అన్యాయం జరగదు. ఇలాంటి పథకాలకి ప్రభుత్వాలు పేర్లు పెట్టి, రంగుల పోస్టర్లు వేయించుకుంటాయి. నేను ఎంట్రీ ఫీజు కట్టి మరీ చేస్తున్నాను.

మా మేనల్లుడు కొత్త బండ్ల వర్గం నాయకుడు. వాడికి నా మీద జాలి. ఒకరోజు ఛార్జింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి సంస్కరణల ప్రతిపాదన పెట్టాడు.

“మావయ్యా, లైపో బ్యాటరీ పెట్టు. బ్రష్‌లెస్ మోటారు పెట్టు. ఎగిరిపోద్ది.”

“తర్వాత?”

“గేర్లు తట్టుకోవు. గేర్‌బాక్స్ మార్చాలి.”

“తర్వాత?”

“షాకులు ఎలాగూ మార్చాలి. టైర్లు మార్చాలంటే ముందు చక్రాలు మార్చాలి. రేడియో సంగతి ఇంక నన్నడక్కు.”

“ఛాసిస్?”

వాడు కాసేపు ఆలోచించాడు. “అదీ మారిస్తేనే బెటరు.”

“మరి నా బండి ఎక్కడుందిరా ఇందులో?”

“స్టిక్కర్లు ఉంచుకో మావయ్యా. ఎవడొద్దన్నాడు?”

వాడి దృష్టిలో నా బండిలో అన్నిటికన్నా పెద్ద దారుణం స్పీడ్ కంట్రోలర్. ఇప్పటివాటిలో అంతా ఎలక్ట్రానిక్సే. నా దాంట్లో ఒక సర్వో చిన్న చేతిని తోస్తుంది, ఆ చేయి రాగి పలకల మీద రాసుకుంటూ జరుగుతుంది, నెమ్మదిగా పోవాలంటే కరెంటు ఒక పింగాణీ రెసిస్టర్ గుండా వెళ్ళి వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. అంటే నెమ్మదిగా వెళ్ళినా బ్యాటరీ ఖర్చు తప్పదు. ఒక హీట్ అయ్యాక దాని మీద బరంపురం అప్పడం కాల్చొచ్చు. నలుగురు చుట్టాలొచ్చినప్పుడు ఈ సదుపాయం ఏ బ్రష్‌లెస్ బండి ఇవ్వగలదో మేనల్లుడు చెప్పాలి.

న్యాయంగా మాట్లాడాలంటే, ఒక పరీక్ష బయట కూడా పెట్టాం. టర్ఫ్ గేటు దగ్గర నుంచి హైవే వైపు, ఆ అర కిలోమీటరు దారిలో. వాడి బండి రెండు వేళ్ళ సందుతో మొదటి కంకర కుప్ప ఎక్కి, పొట్ట ఆనించి, చక్రాలు గాల్లో తిప్పుతూ ఆగిపోయింది. హార్నెట్ కప్పలాగా గెంతుకుంటూ, ఒకసారి ఆవుకి దారిచ్చి, టీ కొట్టు దాకా వెళ్ళింది. దీన్నిబట్టి పాత బండే గొప్పదని నేననను. వాడి బండిని ఎత్తు పెంచి, స్ప్రింగులు మార్చి, టైర్లు మార్చి దింపితే నా బండిని మళ్ళీ ఓడిస్తుంది. కాకపోతే దానికి ఒక పూట పని, ఒక పెట్టె నిండా సామాను, మూడు రకాల నూనె కావాలి. హార్నెట్‌కి మార్చడానికి ఏమీ లేదు గనక మార్చాల్సిన అవసరం కూడా రాలేదు.

కాబట్టి ఆ అర కిలోమీటరునీ పాత బగ్గీల వారసత్వ ట్రాక్‌గా ప్రకటించాలని, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ బాగు చేయకూడదని సంబంధిత అధికారులకి అర్జీ రాద్దామనుకున్నాను. విచారిస్తే తెలిసింది, అర్జీ అందకముందే ఎన్నో ఏళ్ళుగా అమలు చేస్తున్నారట. ఇంత ముందుచూపు ఉన్న యంత్రాంగాన్ని ఊరికే తిడతాం.

టర్ఫ్ యజమాని దగ్గరికి కూడా వెళ్ళాను. ట్రాక్‌లో ఒక మూల నాలుగు బుట్టల మట్టి పోయించమని అడిగాను. ఆయన కంగారుపడిపోయాడు. “మట్టా? టర్ఫ్ పాడైపోదా ఆజ్ఞా! రాత్రి క్రికెట్ వాళ్ళకి బుకింగ్ ఉంది.” బేరమాడగా చివరికి ఒక మాటకి ఒప్పుకున్నాడు: పాత బండ్లు కనీసం మూడు వస్తే వాటికి వేరే క్లాసు పెడతాడు. బ్రిటన్‌లో, అమెరికాలో పాత బగ్గీలకి విడిగా పందేలు జరుగుతాయని చెప్పాను గానీ, ఆయన్ని కదిలించింది అది కాదు, మూడు ఎంట్రీ ఫీజులు.

అందువల్ల ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల పాఠకులకి మనవి. మీ అటక మీద, పాత ట్రంకు పెట్టెలో, ఠాకురాణి జాత్ర బొమ్మల కింద ఎక్కడో ఇలాంటి బండి ఉండే ఉంటుంది. ఏ మోడలైనా ఫర్వాలేదు, ఏ గోత్రమైనా ఫర్వాలేదు. బ్యాటరీ లోపల పెట్టేసి ఉంటే ముందు జాగ్రత్తగా తీసేయండి, కారి ఉంటుంది. రబ్బరు టైర్లు పగిలి ఉంటే ఏదో ఒకటి చేద్దాం. వచ్చే ముందు క్రిస్టల్ ఏ రంగో ఒకసారి చూసుకోండి. పసుపు, నీలం, ఆకుపచ్చ వాళ్ళు తప్పకుండా రండి. ఎరుపు వాళ్ళు మాత్రం క్రిస్టల్ మార్చుకుని రండి, అది నాది.