‘మా ఆవరణలో మా ప్రార్థన, మీకెందుకు అభ్యంతరం?’ అనే వాదనకు జవాబు

ప్రార్థనా మందిరం ఆరుబయట జరిపే సభల మీద ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేసినప్పుడల్లా ఒక సందేశం చేతులు మారుతూ ఉంటుంది. దాని సారం ఇది: ప్రార్థన రాజ్యాంగమిచ్చిన హక్కు, స్థలం మా సొంతం, జరిగేది ఏడాదిలో కొద్ది రోజులే, మందిరం ముందునుంచీ ఉంది కనుక తర్వాత వచ్చినవారే సర్దుకోవాలి, కాదన్నవారు మా మతాన్ని ద్వేషించేవారే. మతం పేరు మాత్రం మార్చి అందరూ ఇదే పంచుకుంటున్నారు కాబట్టి ఈ జవాబు ఏ ఒక్కరినీ ఉద్దేశించినది కాదు.

హక్కు మాట నిజమే. అయితే రాజ్యాంగం 25వ అధికరణం మొదలయ్యేదే షరతులతో: శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి, అదే ప్రాథమిక హక్కుల భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి మాత్రమే మతస్వేచ్ఛ ఉంటుంది. పక్కింటివారి ప్రశాంత జీవనాన్ని కాపాడే 21వ అధికరణం ఉన్నది కూడా ఆ భాగంలోనే. చెన్నైలోని ఒక చర్చికీ, పక్కనున్న కేకేఆర్ మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘానికీ నడిచిన వ్యాజ్యంలో 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది. ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ, మైకులతోనో డప్పులతోనో ప్రార్థించమని ఏ మతమూ విధించలేదన్నది ఆ తీర్పు సారాంశం.

‘స్థలం మాది’ అన్నదే నాకు అన్నిటికంటే బలహీనంగా కనిపిస్తుంది, ఎందుకంటే స్థలం ప్రహరీ దగ్గర ఆగుతుంది గానీ శబ్దం ఆగదు. ఆరుబయట ఒకే పెద్ద స్పీకరు నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు మాత్రమే తగ్గుతుంది. స్పీకరుకు 3 మీటర్ల దూరంలో 95 డెసిబెళ్లు ఉంటే, 48 మీటర్ల అవతలి ఇంటి కిటికీ దగ్గర ఇంకా 71 మిగులుతుంది. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. లౌడ్‌స్పీకరు వాడే బహిరంగ స్థలం సరిహద్దులో శబ్దం ఈ పరిమితిని 10 డెసిబెళ్లకు మించి దాటకూడదు. ప్రైవేటు స్థలమైతే ఆ వెసులుబాటు 5 మాత్రమే. అంటే సొంత స్థలమన్న వాదన నెగ్గితే నిబంధన సడలకపోగా మరింత బిగుస్తుంది! పైగా లౌడ్‌స్పీకరుకు అధికారుల రాతపూర్వక అనుమతి కావాలన్న షరతు ఎలాగూ ఉండనే ఉంది.

‘కొద్ది రోజులే’ అనేవారు తరచూ 15 రోజుల మినహాయింపును చూపిస్తారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడరాదన్నది నియమం. పండుగలకూ సాంస్కృతిక సందర్భాలకూ రాష్ట్ర ప్రభుత్వం దీన్ని సడలించవచ్చు గానీ, అది కూడా అర్ధరాత్రి 12 వరకే, ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించకుండా. ఆ రోజులను ఎంపిక చేసేది ప్రభుత్వం. ప్రతి మందిరానికీ విడివిడిగా 15 రోజుల కోటా ఉందనుకోవడం వట్టి అపోహ.

‘ముందునుంచీ ఉన్నాం’ అన్నదానికి జవాబు చిన్నది: ఎంత పాత కట్టడానికైనా ఆ నిబంధనల్లో మినహాయింపు లేదు.

ఇక ద్వేషమన్న ఆరోపణ. కొన్నిచోట్ల శబ్దం సాకు మాత్రమేనని, అసలు బాధ ఆ మందిరం అక్కడ ఉండటమేనని ఒప్పుకోవలసిందే. చెన్నై వ్యాజ్యంలోనూ చర్చి తరఫువారు ఇదే వాదించారు. అయినా కోర్టులు ఉద్దేశాల జోలికి వెళ్లడం కంటే శబ్దాన్ని కొలవడమే మేలనుకున్నాయి. కాలుష్య నియంత్రణ మండలి పరిశీలనలో ఆ ప్రాంతపు రొదకు వాహనాలూ కారణమని తేలింది. హైకోర్టు స్పీకర్ల శబ్దంతో పాటు వాహనాల శబ్దాన్ని కూడా తగ్గించమని పోలీసులను ఆదేశించింది. ప్రార్థనను ఆపమని ఎవరూ అనలేదు. అందుచేత ‘ఆ సభలు అసలే జరగకూడదు’ అని సంతకాలు సేకరించే కాలనీవాసులకు కూడా ఆ తీర్పు అండగా నిలవదు.

నిజానికి గొడవంతా భక్తి గురించి కాదు. స్పీకరు ఎటు తిరిగి ఉంది, కార్యక్రమం ఎన్నింటికి ముగుస్తుంది, వచ్చినవారి బండ్లు ఎవరి గేటుకు అడ్డంగా ఆగాయి అన్నవాటి గురించి. వేదిక పక్కన ఎత్తుగా కట్టిన రెండు పెద్ద స్పీకర్లు చివరి వరుసకు వినపడాలంటే ఇళ్ల మీదుగా మోగక తప్పదు. వాటికి బదులు వరుసల మధ్య చిన్న స్పీకర్లను తక్కువ ఎత్తులో, లోపలి వైపుకు తిప్పి పెడితే, కూర్చున్నవారికి మాట స్పష్టంగా వినిపిస్తూనే ప్రహరీ అవతల శబ్దం బాగా తగ్గుతుంది. డెసిబెల్ మీటరు చూపే అంకె గుండెల్లో దడ పుట్టించే బేస్‌ను తక్కువ చేసి చూపుతుంది కాబట్టి దాన్ని విడిగా తగ్గించుకోవాలి. వీటితో పాటు కార్యక్రమాల తేదీలు, ముగిసే వేళ ముందే తెలిపి, ఆ సమయంలో ఫోన్ ఎత్తే ఒక బాధ్యుడి నంబరును పక్కిళ్లవారికి ఇస్తే, మైకు తగ్గించమని అడగడానికి వారు పోలీస్ స్టేషన్ దాకా వెళ్లనక్కర్లేదు.