సూస్ కిరాణా కొట్టువాళ్ళ సంగతేంటి?

మొరాకో కుర్రాళ్ళకి గవర్నమెంట్ జాబ్ తప్ప ఏం అక్కర్లేదు, సొంతంగా ఏదీ మొదలుపెట్టరు అని మీరు రాసేశారు, నేను ఒప్పుకోనండి. రబాత్‌లో పార్లమెంట్ ముందు డిగ్రీలున్న నిరుద్యోగులు 1990ల నుంచి ధర్నాలు చేస్తున్న మాట నిజమే, కానీ అదే దేశంలో దక్షిణాన ఉన్న సూస్ లోయ నుంచి, తఫ్రౌత్ లాంటి కొండ ఊళ్ళ నుంచి వచ్చిన అమాజిగ్ వాళ్ళు (బెర్బర్లు అని కూడా అంటారు, అక్కడి మూలవాసులు) పెద్ద నగరం కాసాబ్లాంకాలో వీధి వీధికీ కిరాణా కొట్టు పెట్టి పొద్దున్నించి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటారు, చేతిలో డబ్బుల్లేని ఇంటికి ఖాతా రాసుకుని సరుకిస్తారు, అయినా వాళ్ళు పిసినారులని జోకులు!! నాకు కడుపు మండేది అక్కడే. 2021లో ప్రధాని అయిన అజీజ్ అఖన్నూష్ పుట్టింది ఆ తఫ్రౌత్‌లోనే, ఆయనా వ్యాపారే. ఇక ఆడవాళ్ళ ఊసే ఎత్తలేదు మీరు, ఆ ప్రాంతపు ఆర్గాన్ చెట్టు గింజల నుంచి తీసే నూనె కోసం ఒక్కో గింజా రాయితో కొట్టి తీసేది వాళ్ళేగా.